నాన్నకి ఈత రాదు

మార్చి 15, ఏన్కూరు

నాన్న మొన్న తెల్లవారుజామున పోయారు. సాయంత్రానికి మా మెరకచేలోనే దహనం చేశాం. ఎర్రజెండా కప్పారు, పాటలు పాడారు, పంతుల్ని పిలవలేదు. అన్నీ ఆయన చెప్పినట్టే జరిగాయి. చెప్పడమంటే మామూలుగా కాదు. పెళ్ళిళ్ళలో, బస్టాండులో, కంటి డాక్టరు దగ్గర వరసలో, దొరికిన ప్రతివాడికీ చెప్పారు. నేను పోతే మంత్రాలొద్దు, పిండాలొద్దు, నన్ను తీసుకెళ్ళి ఏ నదిలోనూ కలపొద్దు. వెంకటప్పయ్యగారు ఎలా పోవాలో మా మండలంలో చిన్నపిల్లలకి కూడా తెలుసు.

నాకింకా ఏడుపు రాలేదు. కొంచెం జలుబు చేసినట్టుంది, అంతే.

ఇవాళ చీకటితోనే అమ్మ నన్ను లేపి చేలోకి తీసుకెళ్ళింది. చల్లారిన బూడిదలోంచి నాలుగు గుప్పెళ్ళు తీసి, కొంగు చాటునుంచి పాలపొడి డబ్బా తీసి అందులో పోసింది. డబ్బా శుభ్రంగా కడిగి ఆరబెట్టి ఉంది. అంటే రాత్రే అనుకుందన్నమాట.

"నువ్వు గోదారి పక్కనే ఉంటావు గదా నాగలతా. ఎవరికీ చెప్పకుండా కలిపెయ్. మీ తమ్ముడికి తెలిస్తే మీటింగు పెడతాడు" అంది.

అమ్మకి గుడి ఉంది, శనివారాలున్నాయి, ఉపవాసాలున్నాయి. నాకు అవేవీ లేవు. నేను నాన్న కూతుర్ని, పైగా దుమ్ముగూడెం హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్తాను. అయినా సరేనన్నాను. ఇది నమ్మకానికి సంబంధించిన విషయం కాదు, రవాణాకి సంబంధించింది.

మార్చి 16

సంస్మరణ సభ ఏ రోజు పెట్టాలని తమ్ముడు సాయికిరణూ పార్టీవాళ్ళూ పొద్దుటినుంచి చర్చిస్తున్నారు. (నాన్న నాస్తికుడు, తమ్ముడు నాస్తికుడు, తమ్ముడి పేరు సాయికిరణ్. ఆ ఒక్క యుద్ధంలో అమ్మ గెలిచింది. నా పేరులోని నాగు కూడా అమ్మ మొక్కే గానీ, నాన్న దాన్ని జంతుశాస్త్రం కింద ఒప్పుకున్నారట.)

పదకొండో రోజు పెద్దకర్మ కాబట్టి ఆ రోజు కూడదన్నారు. పన్నెండు అనుకున్నారు. వీధి చివరి పంతులుగారు, పిలవకపోయినా వచ్చి, కొందరికి పన్నెండోనాడే అసలు కర్మ అన్నాడు. పదమూడు అన్నారు. దానికీ ఏదో ఉందట. పది, తొమ్మిది కూడా బుక్కయిపోయి ఉన్నాయి. పాపం, భావజాలంలేని రోజు ఒక్కటీ దొరకలేదు.

చివరికి సాయికిరణ్ "ఆదివారం పెడదాం, ఉద్యోగస్తులు కూడా వస్తారు" అన్నాడు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఆ ఆదివారమే పదకొండో రోజు. లెక్క వేసింది అమ్మ ఒక్కతే. ఏమీ అనకుండా లోపలికెళ్ళి గారెలకి మినప్పప్పు ఎంత కావాలో చూసుకుంది.

మార్చి 23

సభ బాగా జరిగింది. ఫొటో, దండ, అగరొత్తుల బదులు ఊదుబత్తులు. తేడా ఏమిటని నేను అడగలేదు. రెండు నిమిషాలు మౌనం పాటించమని అధ్యక్షుడు కోరి, నలభై సెకన్లకే దగ్గి కూర్చోమన్నాడు. నేను ఫోన్లో చూశాను. మిగతా సమయం నాన్నకి బాకీ ఉండిపోయింది.

మాటల్లో బూడిద సంగతి వచ్చింది. చేలో మిగిలినదంతా అక్కడే దున్నించేస్తానన్నాడు సాయికిరణ్. వాడిది ఎరువుల కొట్టు. "మంచి పొటాషక్కా, నేలకి పనికొస్తది. నాన్న గూడా అదే అనేటోడు" అన్నాడు. వాడికి ఆనుకోవడానికి ఒక గోడలా ఉండేవారు నాన్న, ఆ గోడ పోయింది, అందుకని అంత గట్టిగా మాట్లాడుతున్నాడు. నా సంచిలో పాలపొడి డబ్బా ఉందని వాడికి తెలియదు.

మార్చి 24, దుమ్ముగూడెం

వచ్చేశాను. డబ్బాని వంటింటి అలమరలో కందిపప్పుకీ చింతపండుకీ మధ్య పెట్టాను. ఇది తాత్కాలికం.

మార్చి 25

కలపలేదు. టెన్త్ పరీక్షల డ్యూటీ.

మార్చి 27

పేపరు చదివాను. పైకే చదివాను.

ఇందులో వింతేమీ లేదు. నాన్నకి చూపు మందగించినప్పటినుంచి రోజూ పొద్దున్నే ఫోన్ చేసి నేనే పేపరు చదివి వినిపించేదాన్ని. మొదటి బస్సులో వస్తుంది పార్టీ పేపరు. సంపాదకీయం సగంలోనే ఆయన వాదన మొదలుపెట్టేవారు. ఇప్పుడు వాదన లేదు కాబట్టి త్వరగా అయిపోతోంది. పైకి చదివితే ఉచ్చారణ బాగుంటుంది. వంటింట్లో వెలుతురు బాగా వస్తుంది కాబట్టి అక్కడే కూర్చుంటున్నాను.

మార్చి 29

అమ్మ ఫోన్. "కలిపావా?"

"నీళ్ళు బాగా తగ్గాయమ్మా. ఇసుకే ఉంది. కాస్త నీరు రానీ."

"ఎండాకాలంలో నీరెట్లా వస్తుందే?"

ఇది సరైన ప్రశ్నే. నేను దాన్ని దాటవేశాను.

మార్చి 30

ఉగాది. పచ్చడి చెయ్యలేదు. మైల అని కాదు, వేపపువ్వు కోయడానికి తీరిక లేక. వేపచెట్టు మా గేటు పక్కనే ఉంది.

ఏప్రిల్ 2

ముత్తక్క వచ్చింది. మా గర్ల్స్ హాస్టల్లో వంట చేస్తుంది, ఊరు అడవిలోకి నాలుగు మైళ్ళు. ఈ నెలంతా తెల్లారకముందే ఇప్పపువ్వు ఏరుకుని, తర్వాత హాస్టల్ పనికి వస్తుంది. పోతూ పోతూ నా దగ్గర టీ పెట్టుకుని తాగుతుంది. నేను పెట్టే టీ ఆమెకి నచ్చదు.

నేను పేపర్లు దిద్దుకుంటున్నాను. వంటింట్లోంచి కేక వినిపించింది. "టీచరమ్మా, గీ పాలపొడి గిట్ల నల్లగైందేంది? పురుగు వట్టిందా?"

పరుగెత్తాను. చెంచా డబ్బాలో ఉంది.

"అది పాలపొడి కాదు."

"మరేంది?"

"మా నాన్న."

ముత్తక్క డబ్బాలోకి చూసింది, నాకేసి చూసింది. చెంచా దులిపి, మూత పెట్టి, డబ్బాని రెండు చేతులతో తీసి ఉన్నచోటే పెట్టింది. చేతులు కడుక్కుంది. టీ మరిగించి మూడు గ్లాసులు వరసగా పెట్టింది. "మీ నాయనకు శక్కెర ఎంతెయ్యాలె?" అంది.

"వద్దు, ఆయనకి షుగరు" అన్నాను.

అన్న తర్వాత తెలిసింది ఏమన్నానో. మాట సర్దుకున్నాను. "మాకు ఇట్లాంటి నమ్మకాలేం లేవు ముత్తక్కా. మా నాన్నకి అసలే లేవు."

"గిండ్ల నమ్ముడేందమ్మా? ఇంట్ల మనిషుంటే ఆయనకు పొయ్యకుంట మనం తాగుతమా?"

దీనికి జవాబుంది. నాన్న అయితే గంటసేపు చెప్పేవారు. మేం తాగిన తర్వాత మూడో గ్లాసు చల్లారిపోయింది. ముత్తక్క అది కూడా తాగేసి, చక్కెర లేదని మొహం అదోలా పెట్టింది. పారబొయ్యకూడదట. వెళ్ళేటప్పుడు, కొత్త మామిడికాయ వాళ్ళ ఊళ్ళో పండుగయ్యేదాకా రాలినది కూడా ముట్టరనీ, ముందు పోయిన పెద్దలకి పెట్టాకే మనుషులు తింటారనీ చెప్పింది. మంచి ఆచారమే, కాయ ముదిరేదాకా చెట్టుమీద ఉంటుంది. శాస్త్రీయంగా కూడా సరిపోతుంది.

ఏప్రిల్ 3

టీ రెండు గ్లాసులు పెట్టాను. ముత్తక్క వస్తుందేమోనని. రాలేదు.

ఏప్రిల్ 4

రెండు గ్లాసులు. ఒకటి చక్కెర లేకుండా. నేను కూడా చక్కెర తగ్గించాలి.

ఏప్రిల్ 6

శ్రీరామనవమి. భద్రాచలం దారంతా జనం. ఈ రద్దీలో గోదావరి దగ్గరికి వెళ్ళడం బాగుండదు. నా ఇంటి దగ్గర రేవులో ఒక్కరూ ఉండరు నిజమే.

సాయంత్రం లెక్కల మాస్టారు కోటేష్ తలంబ్రాలు తెచ్చిచ్చాడు. నేను పుచ్చుకోను కదా అని నవ్వుతూనే ఇచ్చాడు. ఫోన్లో ధ్యానం నేర్పే యాప్ ఒకటుంది ఆయన దగ్గర, దాంట్లో గంట మోగుతుంది. నేను ఈ మధ్య మెత్తబడ్డానని స్టాఫ్‌రూములో అనుకుంటున్నారట.

"మేడం, మీరు గుడికి పోరు, అది వేరే. మీరు రిలీజియస్ కాదు, స్పిరిచువల్. లోపల ఉన్నది గట్లనే తెలుస్తది" అన్నాడు.

ఒళ్ళు మండింది. ఆధ్యాత్మికం అంటే దేవుణ్ణి పెరటి గుమ్మంలోంచి లోపలికి తీసుకురావడం అనేవారు నాన్న. నా ఇంట్లో పెరటి గుమ్మం లేదు. నేను చేస్తున్నదల్లా పేపరు చదవడం, టీ పెట్టడం. ఈ రెండు పనులకీ పెద్ద పేరు పెట్టాల్సిన అవసరం లేదని కోటేష్‌తో కాస్త గట్టిగానే అన్నాను. ఆయన తలంబ్రాలు టేబుల్ మీద పెట్టి వెళ్ళిపోయాడు.

చిత్తుకాగితాలతో పాటు పారేద్దామనుకుని పారెయ్యలేదు. బియ్యమే కదా.

ఏప్రిల్ 9

ఇవాళ వెళ్ళాను. ఎండ దిగాక డబ్బా సంచిలో పెట్టుకుని రేవుకి వెళ్ళాను. అవతలి గట్టున కొండలు మసగ్గా ఉన్నాయి. నీళ్ళు మోకాలి లోతు కూడా లేవు. చెప్పులు విప్పి దిగాను. మూత తీయబోయాను. బిగుసుకుపోయింది. చాలాసేపు ప్రయత్నించాను.

లోహం వేడికి వ్యాకోచిస్తుంది. అందువల్ల అనుకుంటాను.

వెనక్కి వచ్చేశాను. దారిలో ఒక విషయం నాతో నేను స్పష్టంగా చెప్పుకున్నాను, ఇక్కడ కూడా రాసిపెడుతున్నాను. నదిలో కలిపితే నాన్నని మోసం చేసినట్టు. కలపకపోతే అమ్మని. ఆయన చచ్చిపోయారు, ఆయనకి ఏమీ తెలియదు, కాబట్టి లెక్క ప్రకారం అమ్మ మాటే నెగ్గాలి. లెక్క సరిగ్గానే ఉంది. చేతులే కదల్లేదు.

ఏప్రిల్ 10

అమ్మ నాలుగు రోజులుగా సరిగ్గా తినడం లేదట. సాయికిరణ్ చెప్పాడు. "ఏందో మనసులో పెట్టుకున్నదక్కా, నాతో చెప్పదు."

అమ్మకి ఫోన్ చేసి కలిపేశానన్నాను. "ప్రవాహం ఉందా?" అంది. ఉందన్నాను. "లోతుగానే ఉందా?" బాగా లోతన్నాను. "సరేలే" అని పెట్టేసింది.

అబద్ధమే. కానీ ఒక మనిషి అన్నం తినడం కోసం ఆడిన అబద్ధం. డబ్బాకి కూడా ఈ సంగతి చెప్పాను. చెప్పానంటే, గదిలో నేను గట్టిగా అనుకుంటున్నప్పుడు అది కూడా అక్కడే ఉంది.

ఏప్రిల్ 17

ముత్తక్క తువ్వాల్లో కట్టి నాలుగు మామిడికాయలు తెచ్చింది. "మా పండుగైంది టీచరమ్మా. మీ నాయనకు వెట్టి నువ్వు తిను. ఇన్నొద్దులు తినకుంటనే ఉన్నవ్ గదా?"

"తినకపోవడమేంటి" అనబోయాను. ఆలోచిస్తే ఈ ఏడు నేను ఒక్క మామిడికాయ కూడా తినలేదు. పప్పులో వెయ్యలేదు, ముక్క కోసి ఉప్పుకారం అద్దుకోలేదు. ధర ఎక్కువగా ఉందని అనుకుంటూ వచ్చాను. మా స్కూల్లోనే రెండు చెట్లున్నాయి, పిల్లలు రోజూ కోసుకుని నా టేబుల్ మీద పెడతారు. అవి స్టాఫ్‌రూములో ఇచ్చేస్తున్నాను.

ముత్తక్క వెళ్ళాక ఒక కాయ కోశాను. ఉప్పూ కారం వేసి, చిన్న పళ్ళెంలో డబ్బా ముందు పెట్టాను. కాసేపు ఆగాను. ఎంతసేపు ఆగాలో ఎవరూ చెప్పలేదు. సంపాదకీయం చదివినంతసేపు ఆగి, తర్వాత తిన్నాను. బాగా పుల్లగా ఉంది.

ఏడ్చాను. పులుపు వల్ల కాదు. నాకు మా నాన్న కావాలి, ఇంకేమీ అక్కర్లేదు. ఆయన వచ్చి సంపాదకీయం తప్పని వాదించాలి.

ఏప్రిల్ 21

సాయికిరణ్ ఫోన్. అమ్మ నా దగ్గరికి వస్తానంటోందట. "గోదారి చూడాలంటది. ఎందుకంటే చెప్పదు. నేను బస్సెక్కిస్తా, నువ్వు దించుకో అక్కా."

అలమరలోంచి డబ్బా తీసి బీరువాలో పెట్టాను. మళ్ళీ తీసి అలమరలోనే పెట్టాను. బీరువాలో గాలి ఆడదు.

ఏప్రిల్ 23

ఆఖరి పనిదినం. బడి అయ్యాక అమ్మని బస్సు దించుకున్నాను. చిక్కిపోయింది. చేతిలో సంచి ఉంది, నాకివ్వలేదు. ఇంటికి కూడా రాకుండా ముందు రేవుకి పద అంది.

రేవులో మెట్టు మీద కూర్చుని సంచి విప్పింది. అందులో నాన్న లుంగీ, ఒక తువ్వాలు. ఉతికి మడతపెట్టినవి.

"ఎక్కడ కలిపావు?" అంది.

నేను తువ్వాలు మడత సరిచేశాను.

"రోజూ కల్లోకి వస్తున్నారే. నీళ్ళలో నిలబడి, నిలువునా తడిసిపోయి, నన్ను కేకలేస్తున్నారు. ఏమంటున్నారో వినపడదు. ఆయనకి ఈత రాదు నాగలతా. కాలవ దాటాలన్నా నా చెయ్యి పట్టుకునేవాళ్ళు. పడవెక్కాల్సి వస్తుందని పెద్దపెద్ద మీటింగులే మానుకున్నారు. అన్నీ తెలిసి నేనే ఆయన్ని నీళ్ళలో వేయించాను."

"అమ్మా, అది కాల్షియం ఫాస్ఫేటు."

"దానికి ఈతొచ్చా?"

అమ్మ లుంగీని తడి లేని మెట్టు మీద పెట్టింది. గాలికి ఎగిరిపోకుండా మీద ఒక రాయి పెట్టింది. పెట్టి, నీళ్ళకేసి తిరిగి, "తప్పయిపోయిందండీ" అంది. ఇసుకా బండలూ తప్ప అక్కడ ఇంకేమీ లేవు.

ఇక ఉండలేకపోయాను. "అమ్మా, కలపలేదు. ఇంట్లోనే ఉన్నారు" అన్నాను.

నా వీపు మీద ఒకటి గట్టిగా చరిచింది. "నాతో అబద్ధమాడావా?"

"ఆడాను."

"మంచిపని చేశావు" అంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది. తర్వాత రాయి తీసి, లుంగీ, తువ్వాలు సంచిలో పెట్టుకుని, నాకంటే ముందు మెట్లెక్కింది.

ఇంట్లో అలమర దగ్గర నిలబడి డబ్బాని చూసింది. పక్కనే టీ గ్లాసు, మామిడి ముక్కల పళ్ళెం. ఇవేమిటని అడుగుతుందనుకున్నాను. "చక్కెర వెయ్యట్లేదుగా?" అంది.

రాత్రి పడుకున్నాక నేనే అడిగాను, "గోదావరి వద్దా మరి? నీ పుణ్యం?"

"నా పుణ్యం నేను చూసుకుంటాలే. ఆయనది ఆయన వద్దన్నారు. చెప్పిన మాట వినకుండా ఇన్నాళ్ళు ఏడిపించాను, చాలు. చేలోకే తీసుకుపోదాం."

ఈ రాత్రి అమ్మ బాగా నిద్రపోయింది. గురక పెడుతోంది.

ఏప్రిల్ 24

బస్సులో డబ్బా అమ్మ ఒళ్ళో పెట్టుకుంది. పాల్వంచ దాటేదాకా అడవి, ఎక్కడ చూసినా ఎండుటాకు. కండక్టర్ ఆ డబ్బా పైన పెట్టమన్నాడు. అమ్మ "ఆయనకి కిటికీ పక్కన ఉండాలి" అంది. కండక్టర్ నన్ను చూశాడు. నేను బయటికి చూశాను.

ఏప్రిల్ 25, ఏన్కూరు

సాయికిరణ్‌కి డబ్బా సంగతి చెప్పాం. మీటింగు పెడతాడనుకున్నాను. "నువ్వు గూడానా అక్కా" అని కాసేపు తల దించుకుని కూర్చున్నాడు. అప్పుడు అమ్మ వాడి గుట్టు బయటపెట్టింది. రోజూ కొట్టు మూశాక మోటారు చూసొస్తానని చేలోకి వెళ్తున్నాడట. చేలో పత్తికట్టె కూడా పీకేసి నెల దాటింది. తడపడానికి గడ్డి కూడా లేదు.

"మోటారుకు కాపలా లేకపోతే వైరు కోసుకపోతరు" అన్నాడు సాయికిరణ్.

ఎండ ముదరకముందే ముగ్గురం వెళ్ళాం. గట్టు మీద సాయికిరణ్ చెప్పులు విప్పాడు. నేను చూస్తున్నానని తెలిసి "రాళ్ళు దూరుతున్నయ్" అన్నాడు. నేను కూడా విప్పాను. నాకు కూడా రాళ్ళే. అమ్మ మాత్రం చెప్పులతోనే దిగింది, ఆమెకి కాళ్ళ పగుళ్ళు.

దహనం చేసిన చోట దున్నించలేదు, నేల ఇంకా నల్లగా ఉంది. అక్కడికి వెళ్ళాక ఏం చెయ్యాలో ఎవరికీ తెలియలేదు. "ఏమన్నా అనాలా అక్కా?" అన్నాడు సాయికిరణ్ మెల్లగా. వాడికి నినాదాలు వచ్చు. అమ్మకి శ్లోకాలు వచ్చు. నాకు సూత్రాలు వచ్చు. ముగ్గురం ఊరికే నిలబడ్డాం. ఎవరూ గడియారం చూడలేదు, ఎవరూ దగ్గలేదు.

అమ్మ మూత తీసింది. తేలిగ్గా వచ్చేసింది. ముగ్గురం తలా పిడికెడు తీసి చల్లాం. చివర అమ్మ డబ్బాని బోర్లించి, బియ్యం డబ్బా అడుగు తట్టినట్టు రెండుసార్లు తట్టింది. తర్వాత చెయ్యి దులుపుకుని, ఇంటిదారి పట్టబోతూ, వెనక్కి తిరిగి చేలోకి చూస్తూ అంది.

"అన్నం వేళకి వచ్చెయ్యండి."

పనిలో ఉన్న మనిషితో అన్నట్టే, కాస్త గొంతు పెంచి అంది. నేనూ సాయికిరణూ ఒకరినొకరు చూసుకోకుండా చెప్పులు వేసుకున్నాం.

ఇంటికొచ్చాం. పదకొండుకల్లా వంటయిపోయింది. పన్నెండు కొట్టగానే కొట్టునుంచి వచ్చి కంచం ముందు కూర్చునే సాయికిరణ్ ఆకలి లేదని అరుగు మీదే ఉండిపోయాడు. నేను తలనొప్పిగా ఉందన్నాను. దించేసిన కూరని అమ్మ ఇంకా ఉడకాలని మళ్ళీ పొయ్యి మీద పెట్టింది. ఒంటిగంట దాటింది. రెండు దాటింది. అప్పుడు అమ్మ లేచి గుమ్మందాకా వెళ్ళి, చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని చేలదారి వైపు చూసింది. కాసేపు అలాగే నిలబడి లోపలికొచ్చింది.

"ఇక తినండి" అంది.

తిన్నాం. అన్నం చల్లారిపోయింది, కూర మాడింది.